తెల్లగోడ ముందు మూడు వారాలు

మూతపడ్డ పాల ఫ్యాక్టరీ కింద నేలమాళిగ.
మంగళవారం, సాయంత్రం ఆరు. బయట మైనస్ పద్దెనిమిది.
బూట్ల మంచు మెట్ల మీదే దులిపి లోపలికొస్తే
గోడల్లో ఇంకా పుల్లటి పాలవాసన,
దాని మీద పల్చగా ఇనుప నూనె.

నేను బస్సు డ్రైవర్ని.
వోరు నుంచి ఆంట్స్లా, ఆంట్స్లా నుంచి వోరు.
ఇరవై రెండేళ్లుగా దేన్నైనా రెండు చేతులతో పట్టుకోవడమే తెలుసు.
ఇక్కడ ఒక్క చెయ్యి చాలంటారు,
రెండోది జేబులో దాచమంటారు.
దానికేమో తోచక
పాత టికెట్టు ముక్క నలుపుతూ కూచుంటుంది.

హెల్వెకి డెబ్బై మూడు.
పియానోలు శ్రుతి చేసి బతికిన మనిషి.
ఎయిర్ పిస్టల్ చేతికిచ్చే ముందు నాలుగు మాటలు చెప్పింది,
నాలుగూ ఒకటే మాట:
గొట్టం మొహం అటే, అట్టల వైపే.
తుమ్మొచ్చినా అటే, ఎవరైనా పేరు పెట్టి పిలిచినా అటే,
ఇల్లంటుకుందని కబురొచ్చినా
ముందు కింద పెట్టి, తర్వాతే వెనక్కి తిరుగు.

"గుళ్లేవి?" అన్నాను.
గోడ చూపించింది.

సున్నం కొట్టిన ఉత్త గోడ.
మూడు వారాలు దాన్నే కాల్చాను, ఖాళీ పిస్టల్‌తో.
టక్. చెయ్యి దించు.
టక్. చెయ్యి దించు.
కిలో బరువంటే నవ్వొచ్చింది మొదట.
ఎత్తగానే కోడిపిల్ల,
పది సెకన్లకి కోడి,
ఇరవైకి గొర్రె.

ఇన్నాళ్లూ నా చూపుడువేలు
ఎవరో ఒకర్ని చూపించడానికే పనికొచ్చింది.
వెనక తలుపులోంచి దొంగతనంగా ఎక్కినవాణ్ణి,
స్టాపులో అడ్డంగా కారు పెట్టినవాణ్ణి,
ఒక రాత్రి, వీధి గుమ్మాన్ని, మార్గుస్‌కి.
ఇప్పుడది నేర్చుకుంటోంది
ఎవర్నీ చూపించకుండా
తిన్నగా, మెత్తగా, నావైపే రావడం.

నాలుగో వారం అయిదు గుళ్లిచ్చింది, మినప్పప్పంత.
అట్ట తిప్పి పెట్టింది. వెనకవైపు. చుక్క లేదు, గీత లేదు.
"దేన్ని కొట్టను?"
"దేన్నీ కాదు. ఎక్కడ పోగవుతాయో చూద్దాం."
కిందా, ఎడమగా, అయిదూ ఒక గుప్పెడంత చోట.
నాకు సిగ్గేసింది. ఆవిడ మొహం వెలిగింది.
"చెదిరిన తప్పుని నేనేం చెయ్యలేను.
కుదురైన తప్పుకి మర రెండు మెలికలు చాలు."

తర్వాత అట్ట ముందుకి తిరిగింది.
ఆ నల్లటి గుండ్రం కళ్లబడటమే ఆలస్యం,
నేర్చుకున్నదంతా గంగపాలు.
మొదటి గుండు అట్టలోనే లేదు.
పక్క వరసలో తానెల్, పన్నెండేళ్లు, పళ్లకి తీగ,
తన అట్ట మీంచి చూపు తిప్పకుండానే
"ఊపిరి మర్చిపోతున్నారు" అన్నాడు.

మంచు పడే రాత్రి అద్దం మీది రేకల్ని చూడకూడదు,
దూరంగా దారిని చూడాలి. అది నా వృత్తి.
ఇక్కడంతా తలకిందులు:
దగ్గరున్న ఇనుప ముక్క స్పష్టంగా,
కావలసిందేమో మసకగా.

"చెయ్యి ఆగటం లేదు" అన్నాను.
"ఆగదు. యాభై ఏళ్లయింది, నాదీ ఆగలేదు.
ఆ ఊగడంలోనే వెయ్యి."

గురంటే కంటి పననుకున్నాను.
ఊగే చేతి మీద నాకే గురి కుదరాలని
ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి చివరి గుండు
ఎప్పుడు వెళ్లిందో నాకు తెలీదు.
వేలు ఇంకా వస్తూనే ఉందనుకున్నా,
అప్పటికే అట్టకి చిల్లు.
తానెల్ పరిగెత్తుకెళ్లి తెచ్చాడు, గేజి దూర్చాడు,
ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.
ఎనిమిది గీత తాకిందా?
"లేదు. ఏడే."
ఏమాత్రం మొహమాటం లేని పిల్లాడు.

పొద్దున్న మొదటి ట్రిప్పు, ఇంకా చీకటి.
ఆంట్స్లాలో బ్రేకు మీద కాలు వేశాను,
అంచెలంచెలుగా,
ఎక్కడాగుతుందో దానికే వదిలేసి.
ముందు సీట్లో అల్లుకుంటున్న ముసలామె
సూదుల మీంచి తలెత్తి
"అప్పుడే వచ్చేశామా?" అంది.